శిలాజం ముందు సిరా కుంచె

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అని ఒక చిన్న ఊరుంది. 1833 డిసెంబరులో ఆ ఊరి నుంచి ఎలిజబెత్ ఫిల్పాట్ అనే ఆవిడ తన స్నేహితురాలు మేరీ బక్‌లాండ్‌కి ఉత్తరం రాస్తూ, దానితో ఒక ఇక్తియోసార్ (అంతరించిన సముద్ర సరీసృపం) తలకాయ బొమ్మ వేసి పంపింది. పొడవాటి ముట్టె, వరసగా పళ్ళు, గుండ్రటి కంటి గూడు ఉన్న గోధుమరంగు బొమ్మ అది. దాని విశేషమంతా సిరాలో ఉంది. ఆ తీరపు రాళ్ళలో బెలెమ్నైట్లు దొరుకుతాయి. అవి స్క్విడ్‌కి దగ్గరి చుట్టాలు. వాటి శిలాజాల్లో అప్పుడప్పుడూ సిరా తిత్తి గట్టిపడి అలాగే మిగిలి ఉంటుంది. ఆ ఊళ్ళోనే శిలాజాలు ఏరే మేరీ ఆనింగ్ దాన్ని గమనించింది. ఆ గడ్డను నూరి నీళ్ళు కలిపితే మళ్ళీ సిరా అవుతుందని తేలింది. ఫిల్పాట్ బొమ్మ వేసింది దానితోనే. బొమ్మలోని జంతువూ, బొమ్మకు వాడిన సిరా రెండూ జురాసిక్ సముద్రానివే.

ఈ సంగతిని చాలామంది వింతగా చెప్పుకుని వదిలేస్తారు. నాకది ఇప్పుడు నడుస్తున్న ఒక చర్చకు మొదటి పేజీలా కనిపిస్తుంది. జపాన్ వాళ్ళ సుమి-ఎ పద్ధతిలో, అంటే నల్లసిరా, మెత్తటి కుంచె, తడి పీల్చే కాయితం మాత్రమే పెట్టుకుని శిలాజాలను చిత్రించేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు. అమ్మోనైట్లు, ట్రైలోబైట్లు, ఫెర్న్ ఆకులు, డైనోసార్ పుర్రెలు వాళ్ళకు ఇష్టమైన వస్తువులు. బొమ్మలు బాగుంటాయనడంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి ప్రశ్న దగ్గరే: ఇవి గోడకు తగిలించుకోవడానికేనా, లేక శిలాజం గురించి ఏమైనా తెలియజెప్పగలవా? సుమి-ఎని సమర్థించేవాళ్ళు సాధారణంగా ఖాళీ జాగా గురించి మాట్లాడతారు. తెలియనిదాన్ని వేయకుండా వదిలేసే వీలు ఆ పద్ధతిలో ఉంది కాబట్టి అది శిలాజానికి నప్పుతుందంటారు. ఆ వాదనలో సగమే నిజముందని నా అభిప్రాయం. అసలు బలం వేరే చోట ఉంది. ఒక జీవి ఏ క్రమంలో పెరిగిందో శిలాజంలో నమోదై ఉంటుంది. కుంచె ఏ క్రమంలో కదిలిందో సిరా బొమ్మలో నమోదై ఉంటుంది. ఈ రెండు క్రమాలూ కలిసినచోట బొమ్మ మనకు కొత్త సంగతి చెబుతుంది. కలవనిచోట అలంకారంగానే మిగిలిపోతుంది.

శాస్త్రం తన బొమ్మల్ని ఎలా వేసుకుందో ముందు చూడాలి. పంతొమ్మిదో శతాబ్దంలో శిలాజాల బొమ్మలంటే రాతి అచ్చులు, అంటే లిథోగ్రాఫులు. మన దేశంలో జియలాజికల్ సర్వే 1861 నుంచి వెలువరించిన పాలియొంటాలజియా ఇండికా సంపుటాల్లో అలాంటి ఫలకాలు వందల కొద్దీ ఉన్నాయి. గోండ్వానా మొక్కల శిలాజాల మీద ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ చేసిన ముఖ్యమైన పని వాటిలోనే అచ్చయింది. ఆ తర్వాత సన్నటి కలంతో చుక్కలు పెట్టి నీడలు తేల్చే పద్ధతి స్థిరపడింది. వెలుగు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు వేయాలి. చూసేవాడికి ఏది గుంటో ఏది మిట్టో తికమక ఉండకూడదని ఆ నియమం. చుక్కల బొమ్మ గొప్పతనం నిలకడలో ఉంది. ఎవరు వేసినా ఒకేలా కనిపించాలి, వేసినవాడి చెయ్యి కనిపించకూడదు.

ఇంకో సంగతి ఈ చర్చలో ఎవరూ పెద్దగా తలచుకోరు. శిలాజాన్ని ఫోటో తీసే ముందు చాలాసార్లు దానిమీద అమ్మోనియం క్లోరైడ్ పొగ పట్టిస్తారు. సన్నటి తెల్లటి పూత పడుతుంది, రాతి రంగులూ మరకలూ మాయమైపోతాయి, ఆకారం ఒక్కటే మిగులుతుంది. రంగు అడ్డమొస్తుందని శాస్త్రవేత్తలే కావాలని దాన్ని తీసేస్తున్నారన్నమాట. కాబట్టి నలుపు తెలుపుల్లో శిలాజాన్ని చూడటం బయటినుంచి కళాకారులు తెచ్చిపెట్టిన అలవాటు కాదు. తేడా వెలుగు దగ్గర వస్తుంది. చుక్కల బొమ్మకు దీపం ఒక మూల నుంచి పడాలి. సుమి-ఎలో దీపమే లేదు. ముదురు, లేత అనేవి అక్కడ నీడను చెప్పవు. బరువును, దగ్గరినీ దూరాన్నీ, గట్టిదాన్నీ మెత్తదాన్నీ చెబుతాయి.

ఆ నలుపు ఎలా తయారవుతుందో కాస్త నిలిచి చూడటం అవసరం, ఎందుకంటే బొమ్మ గుణమంతా అక్కడే మొదలవుతుంది. జపాన్‌లో సిరా కడ్డీలకు పేరుపొందిన ఊరు నారా. అక్కడి కొబాయెన్ అనే సంస్థ 1577 నుంచి ఈ పనిలో ఉంది. మన ఇళ్ళలో ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టినట్టే, వాళ్ళు నూనె దీపాల మీద మట్టి మూకుళ్ళు బోర్లించి మసి పడతారు. పైన్ జాతి చెట్ల జిగురు కట్టెను కాల్చి పట్టే మసి ఇంకో రకం. నూనె మసి నలుపులో గోధుమ ఛాయ ఉంటుంది, కట్టె మసిలో నీలి ఛాయ. ఆ మసిని పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో చేత్తో, కాళ్ళతో పిసికి, చెక్క అచ్చుల్లో నొక్కి, బూడిదలో పెట్టి నెమ్మదిగా ఆరబెడతారు. వేడికి జిగురు కుళ్ళిపోతుంది కాబట్టి పనంతా చలికాలంలోనే. చిత్రకారుడు ఆ కడ్డీని నల్లరాతి పలక మీద నీళ్ళతో అరగదీసి సిరా చేసుకుంటాడు. ఈశాన్య జపాన్‌లోని ఒగాత్సు ఊరు ఆ పలకలకు ప్రసిద్ధి. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద గట్టిపడి ఆ పలకరాయి అయింది.

ఈ సిరాకి మొండితనం ఉంది. కాయితం పీచులోకి దిగాక దాన్ని చెరపడం, దిద్దడం కుదరదు. దాని తీరు శాస్త్రవేత్తలనూ లాగింది. భౌతికశాస్త్రవేత్త తెరదా తొరాహికో 1930ల్లో నీటిమీద తేలే సిరా ప్రవర్తనను పరిశోధించాడు. మంచు స్ఫటికాలను ప్రయోగశాలలో పెంచిన ఆయన శిష్యుడు నకాయా ఉకిచిరో తీరిక వేళల్లో సిరా బొమ్మలు వేసేవాడు. సహజ వస్తువును కొలిచే మనిషీ, దాన్ని కుంచెతో పట్టుకునే మనిషీ ఒక్కరే కావచ్చని చెప్పడానికి జపాన్‌లో ఉదాహరణలకు కరువు లేదు.

సిరా బొమ్మ అనగానే మంచులో తేలే కొండలే గుర్తొస్తాయి గానీ, ఆ సంప్రదాయంలో నిక్కమైన నమోదు కూడా ఉంది. సెష్షూ తోయో 1495లో వేసిన చిమ్మిన సిరా కొండల బొమ్మ లోకమంతా ఎరుగుదురు. నాలుగు మరకల్లో కొండ, చెట్లు, ఒక పడవ తేలిపోతాయి. అదే మనిషి చివరి రోజుల్లో వేసిన అమానోహాషిదాతె బొమ్మలో మాత్రం ఇసుకదిబ్బ, గుళ్ళు, ఇళ్ళు ఏవి ఎక్కడున్నాయో గుర్తుపట్టేలా ఉంటాయి. అందులోని కట్టడాలను బట్టి చరిత్రకారులు ఆ బొమ్మ 1501కీ 1506కీ మధ్య వేసిందని లెక్కకట్టారు. కాబట్టి సుమి-ఎ అంటే అస్పష్టత అనే మాట తెలిసి అనేది కాదు.

శిలాజాలు కూడా జపాన్ కుంచెకు కొత్తవి కావు. కియుచి సెకితేయి (1725–1808) జీవితమంతా రాళ్ళు సేకరించి, 1773 నుంచి 1801 వరకు మూడు విడతలుగా ఉన్‌కొన్‌షి అనే పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ రోజుల్లో సొరచేపల పళ్ళ శిలాజాలను తెంగు అనే భూతం గోళ్ళనేవారు. ఏనుగు జాతి ఎముకలు డ్రాగన్ ఎముకలై మందుల దుకాణాలకు చేరేవి. 1804లో బీవా సరస్సు దగ్గర ఒమి ప్రాంతంలోని ఒక పల్లెలో పెద్ద దవడలూ దంతాలూ బయటపడ్డాయి. వాటిని డ్రాగన్‌వేనని నమ్మి, కుంచెతో బొమ్మలు వేయించారు. 1881లో జర్మన్ భూగర్భవేత్త ఎడ్మండ్ నౌమాన్ ఆ ఎముకలు స్టెగొడాన్‌వని తేల్చాడు. అది ఏనుగుకి చుట్టమైన, అంతరించిన జంతువు.

ఈ కథను కుంచె మీద నేరంగా చెప్పేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. తప్పు చేతిది కాదు, ముందే కుదిరిపోయిన నమ్మకానిది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో స్విట్జర్లండ్‌లో యోహాన్ షొయ్‌క్‌ట్సర్ ఒక పెద్ద సాలమాండర్ అస్థిపంజరాన్ని జలప్రళయంలో మునిగిపోయిన మనిషిగా ప్రకటించాడు. అక్కడ అచ్చయినది నిశితంగా చెక్కిన ఫలకం. అక్కడా బొమ్మ సరిగ్గానే ఉంది, దాని పేరే తప్పు.

ఇక ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం: ఏ కుంచె పని ఏ శిలాజానికి పనికొస్తుంది. సుమి-ఎ నేర్చుకునేవాళ్ళు మొదట దిద్దేది వెదురు. కుంచెను నొక్కి, లాగి, ఆపి, కొద్దిగా పైకెత్తి, మళ్ళీ నొక్కాలి. ఒక్కో ఆగడం దగ్గర ఒక్కో కణుపు పడుతుంది. సముద్ర లిల్లీలని పిలిచే క్రైనాయిడ్ల కాడ సరిగ్గా ఇలాంటి బిళ్ళల వరసే. మొక్కలా కనిపించే ఆ జంతువు కాడ సున్నపు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పెరుగుతుంది. వెదురు గీత తెలిసిన చెయ్యి క్రైనాయిడ్ కాడను వేస్తే, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య కీలు, కాడ వంగినచోట బిళ్ళలు ఒకవైపు విచ్చుకోవడం దానంతటదే వస్తుంది. జర్మనీలోని హోల్ట్స్‌మాడెన్ హౌఫ్ మ్యూజియంలో కొట్టుకుపోయే దుంగను పట్టుకుని వేలాడిన క్రైనాయిడ్ల గుంపు ఒకటి 18 మీటర్ల పొడవైన పలక మీద ఉంది. పొడవాటి కాడలు, చివర్న విచ్చుకున్న చేతులు నల్లటి షేల్ మీద కనిపిస్తాయి. ఆ పలకను చుట్టచుట్టే పొడవాటి కాయితం మీద వేయాలన్న ఆలోచన సిరా పట్టిన ఎవరికైనా రాకతప్పదు.

అమ్మోనైట్ దగ్గర ఇంకా సూక్ష్మమైన పని ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు క్యోటో చిత్రకారుడు ఇతో జాకుచూ (1716–1800) చేప పొలుసులకు, కోడిపుంజు ఈకలకు, పువ్వుల రేకులకు ఒక ఉపాయం వాడేవాడు. తడి బాగా పీల్చే కాయితం మీద ఒక గీత వేసి, అది ఆరకముందే దాని పక్కనే ఇంకోటి వేస్తే, రెండిటి సిరా కలిసిపోదు. ముందుగా తడిసిన పీచు కొత్త సిరాను రానివ్వదు. మధ్యలో వెంట్రుకవాసి తెల్లగీత మిగులుతుంది. ఆ తెల్లగీత ఎవరూ గీసింది కాదు, తేమ చేసుకున్నది. జపాన్‌లో దీన్ని సుజిమెగాకి అంటారు. ఇప్పుడు మన పూజాగదిలోని సాలగ్రామం గుర్తు తెచ్చుకోండి. నేపాల్‌లో గండకీ నది తెచ్చే ఆ నల్లరాళ్ళలో చాలావాటి లోపల ఉండేది జురాసిక్ అమ్మోనైటే. గవ్వ చుట్టూ పక్కటెముకల్లా మిట్టలు, మిట్టకూ మిట్టకూ మధ్య సన్నటి గాడి. మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో మిట్టకు ఒక్కో గీత చొప్పున బయటికి వస్తూ, ఒక్కో అడుగుకీ కుంచెను కొంచెం కొంచెం ఎక్కువగా నొక్కుతూ వేస్తే గాళ్ళు వాటంతటవే తెల్లగా తేలతాయి. ఆ జీవి గవ్వను కట్టుకున్నదీ అదే వరసలో, లోపలి చుట్టు నుంచి బయటికి. చుక్కల బొమ్మ వేసేవాడు బయటి గీత ముందు గీసి లోపలికి నింపుతాడు. ఆకారం సరిగ్గా వస్తుంది, పెరుగుదల కనిపించదు. సిరా బొమ్మలో ఏ గీత ముందో ఏది తర్వాతో చూడగానే తెలుస్తుంది. కుంచె ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అమ్మోనైట్ గవ్వ మీద కూడా పెరుగుదల ఆగిన చోట్లు, గాయం మానిన చోట్లు మిట్టల వరస చెదిరి కనిపిస్తాయి. అలాంటి గవ్వను వేసేటప్పుడు కుంచె ఆ చెదురును దాటుకుని పోకుండా దానితోపాటు చెదరగలగాలి. మంచి చిత్రకారుడెవరో, నున్నటి సుడి గీసి చేతులు దులుపుకునేవాడెవరో అక్కడే తెలిసిపోతుంది.

జపాన్ శిలాజమే తీసుకుంటే నిప్పొనైటిస్‌ని మించినది లేదు. 1904 అక్టోబరు 15న యాబె హిసాకత్సు హొక్కాయిడో శిలాజానికి ఆ పేరు పెట్టి వివరించాడు. ఆ తేదీనే ఇప్పుడు జపాన్ శిలాజ దినంగా పాటిస్తుంది. ఇదీ అమ్మోనైటే గానీ చక్కటి సుడి కాదు, పాములు పెనవేసుకున్నట్టు అటూ ఇటూ మెలికలు తిరిగే గొట్టం. మొదట ఇది ఏదో వికారంగా పెరిగిన ఒంటరి జీవి అయి ఉంటుందని అనుమానించారు. అలాంటివే మరికొన్ని దొరికాయి. 1980ల్లో ఒకామొతో తకాషి కంప్యూటర్ నమూనాలతో ఆ మెలికల వెనక నియమం ఉందని చూపించాడు. నీళ్ళలో తన నిలువు వంపు ఒక హద్దు దాటగానే జీవి గొట్టం తిరిగే దిక్కు మార్చుకుంటుంది. దీన్ని కుంచె ఎత్తకుండా ఒకే గీతగా వేయాలని చాలామందికి కోరిక పుడుతుంది. వేసినవి చూస్తే అక్షరంలా అందంగా ఉంటాయి, నిప్పొనైటిస్‌లా ఉండవు. గొట్టం ఎక్కడ పైనుంచి పోతుందో, ఎక్కడ కిందినుంచి పోతుందో ముందుగా తెలియనిదే ఆ గీత అబద్ధమాడుతుంది. కుంచె ఊపు శాస్త్రానికి అడ్డుపడే చోటు ఇదే.

ట్రైలోబైట్లకు లెక్క ఇంకా ముఖ్యం. ఫాకోప్స్‌కి నడుము భాగంలో 11 ఖండాలుంటాయి. ఊపులో 10 వేసినా 12 వేసినా అది ఫాకోప్స్ కాదు. రొయ్యల్ని వేయడంలో పేరుపడ్డ చైనా చిత్రకారుడు చీ బైషి ఏళ్ళ తరబడి రొయ్యల్ని పెంచి చూసి, తర్వాతే గీతలు తగ్గించుకుంటూ పోయాడు. తగ్గించడానికి ముందు అంతా తెలిసి ఉండాలన్న నియమం ఆయన రొయ్యకెంత వర్తిస్తుందో ట్రైలోబైట్‌కీ అంతే వర్తిస్తుంది. ఎముకలకైతే ఆరిపోతున్న కుంచెతో వేసే పొడి గీత బాగా కలిసొస్తుంది. గీత మధ్యలో కాయితం తెల్లటి పీచులుగా కనిపించి, విరిగిన ఎముక లోపలి జల్లెడలా ఉంటుంది. కానీ ఎముకల కీళ్ళు, కండరాలు అతుక్కున్న మచ్చలు ఇందులో పోతాయి. అవి కావాలనుకునేవాళ్ళకు చుక్కల కలమే దిక్కు.

కొన్ని శిలాజాలు దొరకడమే సిరా బొమ్మల్లా దొరుకుతాయి. హోల్ట్స్‌మాడెన్‌లోనే 1890ల్లో బయటపడ్డ ఇక్తియోసార్ల ఎముకల చుట్టూ ఒంటి ఆకారం నల్లటి పొరలా నిలిచి ఉంది. వీపు మీది రెక్క, తోక పైభాగం ఉన్నాయని ఆ నల్లటి పొర వల్లే తెలిసింది. అంతకు ముందు బొమ్మల్లో ఆ రెక్క లేదు. 2018లో ఒక పరిశోధక బృందం అలాంటి ఇక్తియోసార్ చర్మాన్ని పరీక్షించి, దాని వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండేదని చెప్పింది. చైనాలోని ల్యావొనింగ్‌లో బూడిదరంగు పలకల మీద ఈకలతో సహా నల్లగా అచ్చుపడిన డైనోసార్లు 1996 నుంచి వరసగా దొరికాయి. ఆ నలుపు వట్టి బొగ్గు కాదని, ఈకల రంగు కణాల ఆనవాళ్ళు అందులో ఉన్నాయని పదిహేనేళ్ళలోపే తేలింది. 2010లో ఆంకియోర్నిస్ అనే చిన్న డైనోసార్ రంగులు చెప్పగలిగారు: ఒళ్ళు నలుపు, బూడిద, రెక్కలు తెలుపు, చివర్లు నలుపు, నెత్తిన ఎర్రటి కుచ్చు. ఆ కుచ్చు తప్ప మిగతాదంతా సిరాతోనే వేయొచ్చు. సుమి-ఎలో ఎరుపు అనేది చిత్రకారుడి ముద్రకు మాత్రమే దక్కే రంగు కాబట్టి, దాన్ని ఎక్కడ వేయాలో ఆంకియోర్నిస్ వేసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిల్పాట్ సిరా దగ్గరికి వస్తే, అది మసి కాదు, జీవి తయారుచేసుకున్న మెలనిన్. 2009లో బ్రిటిష్ జియలాజికల్ సర్వేకి చెందిన ఫిల్ విల్బీ బృందం విల్ట్‌షైర్‌లో దొరికిన స్క్విడ్ లాంటి శిలాజపు సిరాను అమ్మోనియా ద్రావణంలో కలిపి, దానితోనే ఆ జీవి బొమ్మ వేయించింది. 2012లో వచ్చిన ఒక రసాయన పరిశోధన, 16 కోట్ల ఏళ్ళనాటి అలాంటి సిరాలోని మెలనిన్‌కీ ఈనాటి కటిల్‌ఫిష్ మెలనిన్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఇది తెలిశాక శిలాజపు సిరాతో మళ్ళీ మళ్ళీ బొమ్మలు వేయడం నాకు నచ్చదు. తిత్తి ఒకసారి నూరితే పోయినట్టే. దాని పొడి ప్రయోగశాలలో చెప్పగలిగేది ఏ బొమ్మా చెప్పలేదు.

గ్యోతాకు గురించి ఒక్క మాట చాలు. చేపకు సిరా పూసి కాయితం అద్దే ఆ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలో చేపలు పట్టేవాళ్ళ సరదాగా మొదలైంది. శిలాజాలకు దాన్ని యథాతథంగా వాడకూడదు, సిరా రాతిలో దిగిపోతుంది. కాయితం పైన పరచి దానిమీద సిరా అద్దే పద్ధతే నయం, అదీ గట్టి రాళ్ళకు, నకలు పోతలకు మాత్రమే. అది కొలతకు పనికొస్తుంది. కానీ అది చిత్రం కాదు.

ఇప్పుడు ఖాళీ జాగా వాదన. హసెగావా తోహాకు (1539–1610) పైన్ చెట్ల తెరల్ని చూపించి, చూడండి, సగం కాయితం ఖాళీ, శిలాజ చరిత్రా అలాగే సగం ఖాళీ అంటారు. వినడానికి బాగుంది. కానీ తోహాకు వదిలిన తెలుపు తెలియనితనం కాదు, మంచు. ఆ మంచు వెనక చెట్టు ఎక్కడుందో ఆయనకు తెలుసు, మనకూ తెలుస్తుంది. డైనోసార్ బొమ్మల్లో ఖాళీకి చాలాసార్లు ఇంకో అర్థం ఉంటుంది: పాదాలు ఎలా ఉండేవో వేయడం కష్టం కాబట్టి పొగమంచులో ముంచేశారు. గడ్డిలో దాచడానికీ దీనికీ తేడా లేదు. తెలిసినది ఎక్కడ ఆగి, తెలియనిది ఎక్కడ మొదలవుతుందో చూసేవాడికి అంచు కనబడినప్పుడే ఖాళీకి నిజాయితీ ఉన్నట్టు. అస్థిపంజరాల పటాలు వేసే గ్రెగరీ పాల్, స్కాట్ హార్ట్‌మన్ వంటివాళ్ళు నల్లటి దేహం మీద తెల్లటి ఎముకలు చూపించే పద్ధతిని స్థిరపరిచారు. అలాంటి పటాల్లో దొరకని ఎముకలను బూడిదరంగులో చూపే ఆనవాయితీ ఉంది. సిరా చేతిలో ఉన్నవాడికి ఇంతకన్నా తేలికైన సాధనం లేదు. దొరికిన ఎముకకు ముదురు, ఊహించినదానికి లేత, ఆధారం లేనిదానికి కాయితం. ముదురు, లేతల ఈ వాడకాన్ని ఒక ఆనవాయితీగా పెట్టుకుంటే, కుంచె బొమ్మ చుక్కల బొమ్మకన్నా ఎక్కువ నిజం చెప్పగలదు.

కదలిక విషయంలో కుంచెకి పాత కీర్తి ఉంది. 1897లో చార్ల్స్ నైట్ వేసిన, ఒకదాని మీదికి ఒకటి ఎగిరి దూకే లీలాప్స్ డైనోసార్ల బొమ్మ దాదాపు ఒకే రంగులో వేసింది. డైనోసార్లు మందకొడి జంతువులన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాతుకుపోయి ఉండగా ఆ బొమ్మ మాత్రం తన మాట మీద నిలబడింది. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్‌ని వివరించి, రాబర్ట్ బేకర్ దాన్ని పరుగెడుతున్నట్టు గీశాక గానీ శాస్త్రం అక్కడికి చేరలేదు. ఇది సుమి-ఎ కాదు, నిజమే. కానీ దిద్దుకునే వీలు లేని మాధ్యమంలో ఊపును పట్టాలంటే చిత్రకారుడు ముందే ఒక నిర్ణయానికి రావాలి. ఆ నిర్ణయం ఒక్కోసారి ముందుచూపవుతుంది, ఒక్కోసారి తప్పవుతుంది.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. శాస్త్రం మారుతూ ఉంటుంది, సిరా బొమ్మను మార్చలేం. స్పైనోసారస్ ఆకారం 2014లో ఒకసారి, తోక దొరికాక 2020లో ఇంకోసారి మారింది. కంప్యూటర్ బొమ్మైతే తోక మార్చి కొత్త ఫైల్ ఇవ్వొచ్చు. ఈనాటి జపాన్ పురాజీవి చిత్రకారుల్లో చాలామంది ఆ దారిలోనే ఉన్నారు. 2019లో పేరు పెట్టిన హొక్కాయిడో డైనోసార్ కముయ్‌సారస్‌ని హత్తోరి మసాతో వేసినదీ కంప్యూటర్ మీదే. నాకిది అభ్యంతరంగా కన్నా లాభంగా కనిపిస్తుంది. మార్చలేని బొమ్మ ఆ ఏడాది మనకేం తెలుసో దాచకుండా నిలుపుతుంది. 1804 నాటి డ్రాగన్ బొమ్మలు ఈనాటికీ విలువైనవి అందుకే.

రెండో అభ్యంతరం, జపాన్ తరహా కనిపిస్తే చాలనుకునే పైపై అనుకరణ. వెదురు కొమ్మ పక్కన టైరనోసార్, మూలన అర్థంలేని ఎర్ర ముద్ర. దీన్ని సమర్థించే ఓపిక నాకు లేదు. ఆ పద్ధతి పనిముట్లతో, శ్రమతో వస్తుంది, వేషంతో కాదు.

మన దగ్గర జపాన్ కుంచె, శిలాజం అనే ఈ రెండు దారులూ ఠాగూర్ పేరు దగ్గర కలిశాయి. జపాన్ కళావేత్త ఒకాకురా తెన్‌షిన్ 1902లో కలకత్తాలో ఠాగూర్ కుటుంబంతో కలిసిమెలిసి గడిపాడు. ఆ మరుసటి ఏడాది ఆయన శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో వచ్చారు. తైకాన్ కాయితాన్ని తడుపుతూ వేసే తీరు చూసి ఠాగూర్ కుటుంబంలోని చిత్రకారుడు అవనీంద్రనాథ్ తన వాష్ పద్ధతిని మలచుకున్నాడు. ఆ బెంగాల్ పద్ధతి ప్రమోదకుమార్ ఛటర్జీతో పాటు మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చింది. అడివి బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. తిన్నగా సుమి-ఎ కాదు గానీ తడి కాయితం మీద జపాన్ చెయ్యి తెలుగునాట పడిన జాడ అది. రవీంద్రుడు స్వయంగా 1916లో జపాన్ వెళ్ళి తైకాన్ చిత్రాలు చూసి ముగ్ధుడయ్యాడు. వయసు మీరాక ఆయన సిరాతో వేసిన బొమ్మల్లో పేరులేని ప్రాచీన జంతువులు చాలా ఉన్నాయి. ఆయన శతజయంతి ఏడాది ప్రాణహిత-గోదావరి లోయలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వుతున్న పెద్ద శాకాహార డైనోసార్‌కి 1975లో బరపసారస్ టాగోరై అని పేరు పెట్టారు.

అదే లోయలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌ని పి. యాదగిరి 1988లో వివరించాడు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంది. బరపసారస్‌కీ కోటాసారస్‌కీ పళ్ళు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. ఏ బొమ్మలో చూసినా వాటికి నిండు తల ఉంటుంది. ముదురు, లేత సిరాల ఆనవాయితీని పరీక్షించడానికి వీటికన్నా తగిన జంతువులు నాకు తోచవు. వెన్నుపూసలు, కాళ్ళు ముదురు సిరాలో, తల లేత తడిలో, రెండిటి మధ్య అంచు దాచకుండా.

వీటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది గ్లోసోప్టెరిస్ ఆకు అంటాను. గోదావరి బొగ్గు పొరల పక్కనుండే షేల్‌లో పెర్మియన్ కాలపు ఈ నాలుకలాంటి ఆకులు దొరుకుతాయి. ఇవే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా ఉన్నాయి. 1912లో ప్రాణాలు పోతున్నా స్కాట్ బృందం మంచులో లాక్కొచ్చిన రాళ్ళలోనూ ఈ ఆకే ఉంది. ఒకే పలక మీద ఆకులు గుత్తులుగా రాలి పడి ఉంటాయి, ఋతువు మారగానే రాలేవని దాన్నిబట్టి అంటారు. లేత సిరాతో ఆకు పరచి, అది ఆరాక దానిమీద ఇంకో ఆకు పరిస్తే, ఏది ముందు రాలిందో ఏది తర్వాతో బొమ్మలోనే ఉంటుంది. నడిమి ఈనె ఒక గీత. దానినుంచి విడిపోయి మళ్ళీ కలుసుకుంటూ అంచుదాకా వలలా అల్లుకునే ఈనెలకు సన్న కుంచె. ఆ వల కళ్ళు నడిమి ఈనె దగ్గర పొడవుగా, అంచు దగ్గర ఇరుకుగా ఉన్నాయా, కావా అన్నది జాతి జాతికీ మారుతుంది కాబట్టి ఎదుట ఉన్న ఆకునే చూసి వేయాలి, ఫలానా గ్లోసోప్టెరిస్ అని మనసులో ఉన్నదాన్ని కాదు. కింద నమూనా సంఖ్య, దొరికిన చోటు, కొలత గీత, వేసిన తేదీ రాసి, ఆ తర్వాత ఎర్ర ముద్ర వేసుకోవచ్చు.